ఒంటికి ఏమైనా రాసుకుంటారా?

మా అక్క నాంచారమ్మ జన్మలో ఒకే ఒక్క అబద్ధం చెప్పింది. అది నా కోసం చెప్పింది. మీ విచారణ సంఘం వాళ్ళు దాన్ని పొందికగా టైపు కొట్టించారు. అక్క వేళ్ళకి కట్లున్నాయి కాబట్టి బావ చేత కింద వేలిముద్ర వేయించుకున్నారు. "శేషారత్నం గారూ, ఇందులో మీ తప్పేమీ లేదని తేలింది" అని నాకో ఉత్తరం కూడా పంపారు. నా తప్పు లేదట! ఆ ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో పెట్టాను. ఇది దానికి నా జవాబు. నివేదికల భాష నాకూ వచ్చు, ఆ భాషే మా కొంప ముంచింది. అందుకని మా ఊరి మాటల్లోనే చెప్తాను, ఓపికుంటే చదవండి.

మాది కొఠారుపాలెం. సముద్రం ఒడ్డున ముప్పై గడపల ఊరు. ఊరంతా ఉప్పు మళ్ళ మీదే బతకాలి. ఉప్పు పండాలంటే ఎండ కావాలి, ఎంత ఎండ ఉంటే అంత ఉప్పు. మిగతా ఊళ్ళవాళ్ళు వానకి దణ్ణం పెడితే మావాళ్ళు వాన రాకుండా పెడతారు. మళ్ళల్లో ఎండ పైనుంచే కాదు, తెల్లటి ఉప్పు మీద పడి కిందనుంచీ కొడుతుంది. గొడుగు వేసుకున్నా, తలపాగా చుట్టుకున్నా, గడ్డం కిందా చెవుల వెనకా కాలిపోతుంది.

అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్ళు, అక్కకి పదిహేడు. నాన్న అంతకు రెండేళ్ళ ముందే పోయాడు. ఆ రోజు నుంచి అక్క ఉప్పు లాగే చెక్క పలక పట్టుకుని మళ్ళల్లోకి దిగింది, నేను పలక బలపం పట్టుకుని బడికి పోయాను. సాయంత్రం అక్క ఇంటికొచ్చేసరికి మెడ వెనక కందిపోయి ఉండేది. చల్లటి మజ్జిగలో గుడ్డ తడిపి నేనే వేసేదాన్ని. గుడ్డ తగలగానే "హబ్బా" అని పళ్ళు కొరికేది. నాలుగు రోజులకి చర్మం ఉల్లిపొరలా లేచొచ్చేది. కలబంద గుజ్జు రాసి, "ఇంక రేపు వెళ్ళకే అక్కా" అంటే, "నేను పోకపోతే నీ పుస్తకాలు ఎవుడు కొంటాడే, మీ తాతా?" అని నవ్వేది.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. అమ్మ పోయినప్పుడు ఆమె విధవరాలు. స్నానం చేయించిన వాళ్ళు పసుపు ముట్టించలేదు. ఉత్త నీళ్ళు పోసి తెల్లగుడ్డ కప్పారు. అక్క గుంజ పట్టుకుని అదంతా చూసింది. ఆ తర్వాత చాలాసార్లు నాతో అనేది, "నేను మాత్రం నిండుగా పసుపుతోనే పోవాలే శేషూ. మీ బావకంటే ఒక్క పూటైనా ముందే పోతా" అని. అప్పటికి దానికి పెళ్ళే కాలేదు! నేను పకపకా నవ్వేదాన్ని.

చదువు అయిపోయి నేను పట్నం ప్రయోగశాలలో చేరిన సంవత్సరమే ఎండ మారిపోయింది. ఆకాశంలో మనకి అడ్డుగా ఉండే గాలిపొర మా తీరం మీద పలచబడిందన్నారు. రేడియోలో పొద్దున్నే వాతావరణంతో పాటు 'ఎండ అంకె' చెప్పడం మొదలెట్టారు. పది దాటితే పిల్లల్ని బయటికి పంపొద్దు. పద్నాలుగు దాటితే పొలం పనులు ఆపాలి. మా మళ్ళల్లో అంకె పదహారు పలికేది. మనుషులు మధ్యాహ్నానికే బొబ్బలెక్కి వచ్చేవాళ్ళు. ఆ ఎండ తగిలిన పుండ్లు మానేవి కావు. రెండేళ్ళలో ఊళ్ళో ఆరుగురు చర్మం జబ్బుతో పోయారు.

మా ప్రయోగశాల పెద్ద డాక్టర్ చిత్తరంజన్ గారు హైదరాబాదు మనిషి. మంచివాడు, కాస్త చాదస్తం. ఒకరోజు మా మడి గట్టు మీద నిలబడి, "ఈ నీళ్ళు ఎర్రగా ఎందుకున్నాయి శేషూ?" అని అడిగాడు. ఉప్పు తేలే ముందు నీళ్ళు అలాగే ఎర్రబడతాయి సార్, మాకు మామూలే అన్నాను. ఆయన చెంబుతో ముంచుకుని పట్టుకెళ్ళాడు. ఆ ఎరుపంతా కంటికి కనపడని జీవులు. ఏ చెట్టూ చేమా బతకని ఆ మంటలో అవి హాయిగా బతుకుతున్నాయి. ఎండలో కాల్చే భాగాన్ని మింగేసి తమ రంగులో దాచుకుంటున్నాయి.

మూడేళ్ళు పట్టింది వాటిని మనిషి ఒంటి మీద బతికించడానికి. వాటికి కావాల్సింది ఉప్పే, చెమటలో కావలసినంత ఉంది. ఒకసారి పూతలాగా వేస్తే రెండు రోజుల్లో చర్మానికి అతుక్కుని పలచటి పొర అవుతుంది. కడిగినా పోదు, రుద్దినా పోదు, నలభై రోజులకి దానంతటదే రాలిపోతుంది. దానికి 'నీడపొర' అని పేరు పెట్టింది నేనే. మొట్టమొదట డాక్టరు గారు తన బట్టతలకే వేసుకుని మిట్టమధ్యాహ్నం మేడ మీద మూడు గంటలు కూర్చున్నాడు. దిగొచ్చాక అద్దంలో చూసుకుని చిన్నపిల్లాడిలా గంతులేశాడు. నేను ఏడ్చాను. అక్క మెడ మీద ఇక తడిగుడ్డ వెయ్యక్కర్లేదని ఏడ్చాను.

మొదటి వేసవి పన్నెండు మందికి వేశాం. తొమ్మిది మంది మగవాళ్ళు, ముగ్గురు ఆడవాళ్ళు. ఆ ముగ్గురూ మొగుళ్ళు పోయినవాళ్ళే. మిగతా ఆడవాళ్ళని మొగుళ్ళు రానివ్వలేదు, ముందు ఏమవుతుందో చూద్దాం అన్నారు. మా పక్కింటి ఆదెమ్మ పిన్ని మాత్రం చీర చెంగు దోపుకుని ముందుకొచ్చింది. "నాకు పోయేదేముందే, వెయ్యి" అంది. వేసవి అయిపోయేసరికి ఆమె వీపు మీద ఒక్క బొబ్బ లేదు, చేతుల మీద పాత పుండ్లు కూడా మానిపోయాయి. పన్నెండు మందిలో ఒక్కరికీ ఏమీ కాలేదు. ఎందుకు కాలేదో మేము అడగలేదు. బాగున్నప్పుడు ఎందుకని ఎవరడుగుతారు?

రెండో వేసవికి ఊరు ఊరంతా వరస కట్టింది. నలభై ఆరు మంది. అందులో ఇరవై ఒక్కమంది ముత్తైదువలు, అంటే ఊళ్ళో ఉన్న ముత్తైదువలంతా. పొర వేసే ముందు ఒక్కొక్కరి చేతా ప్రశ్నల కాగితం నింపించాలి. ఆ కాగితం పైనుంచి ఇంగ్లీషులో వచ్చింది. తెలుగు చేసింది నేనే. ఊరి మనిషిని, భాష తెలిసినదాన్ని అనే కదా నాకా పని ఇచ్చారు! ఏడో ప్రశ్న ఇదిగో ఇలా రాశాను: 'ఒంటికి ఏమైనా రాసుకుంటారా?'

మీ ఊళ్ళో పసుపు రాసుకుంటారేమో నాకు తెలీదు. మా కొఠారుపాలెంలో రాసుకోరు, పూసుకుంటారు. రాసుకునేది మందు, నూనె, స్నో. పసుపు పూసుకునేది. ఎనిమిదేళ్ళు పట్నం హాస్టళ్ళలో ఉండి అన్నిటికీ రాసుకోవడం అనే మాటే అలవాటైపోయింది నాకు.

అక్క వంతు వచ్చింది. పంచాయతీ అరుగు మీద నేను కుర్చీలో, అది కింద బాసింపట్టు వేసుకుని. పొద్దున్నే స్నానం చేసొచ్చింది, ముఖం నిండా పసుపు మెరుస్తోంది. నా ఎదురుగా, ఇంత దూరంలో!

"ఒంటికి ఏమైనా రాసుకుంటారా?" అని కాగితం చూసి చదివాను.

"ఏంటే, నన్ను మీరు అంటున్నావు?" అంది. "రాసుకోడానికి నాకేమన్నా నీ అంత చదువొచ్చా?"

అరుగు మీద అందరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. "అది కాదే, నూనెలూ మందులూ..."

"తలకి కొబ్బరినూనె. ఒంటికేమీ లేదమ్మా కలెక్టరమ్మా, రాసుకో."

'ఏమీ లేదు' అన్న గడిలో గీత గీశాను. మిగతా ఇరవై మందీ అదే చెప్పారు, ఇరవై గీతలు గీశాను. ఆ కాగితాలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి. కావాలంటే పంపిస్తాను.

నీడపొర వేసిన వారానికి మా ఆడవాళ్ళు ఒక వింత కనిపెట్టారు. మామూలుగా పొద్దున పూసుకున్న పసుపు మధ్యాహ్నానికి చెమటకి కారిపోతుంది. ఇప్పుడు పోవడం లేదు! సాయంత్రం దాకా, మర్నాటి దాకా కూడా నిలిచే ఉంటోంది. దాని మీద మళ్ళీ పూసుకుంటే ముఖం బంగారపు రేకులా మెరుస్తోంది. ఇంకేముంది, అందరికీ సరదా పుట్టింది. ముఖానికీ మెడకీ మోచేతుల దాకా పట్టించడం మొదలెట్టారు. అక్కయితే నీళ్ళ తొట్టి పక్కన ఉన్న గరుకురాయి మీద పసుపుకొమ్ము అరగదీస్తూ పాటలు. "చూడవే శేషూ, నాకు మళ్ళీ పెళ్ళికళ వచ్చింది. మీ బావ నా మొహం వంక చూస్తే చూపు తిప్పుకోట్లా" అంది. బావ పోతురాజు వట్టి మొహమాటస్తుడు, గబగబా తువ్వాలు భుజాన వేసుకుని బయటికి పారిపోయాడు. నేను కడుపు పట్టుకుని నవ్వాను. ఆ రాయి రోజూ నా కళ్ళ ముందే ఉంది, పచ్చగా. ఒక్క రోజు కూడా నాకది ప్రయోగానికి సంబంధించిన వస్తువులా కనపడలేదు.

మూడో వారంలో అక్క "లోపల చురచురమంటోందే" అంది. చర్మం చూశాను. ఎక్కడా ఎరుపు లేదు, బొబ్బ లేదు. పొర నిగనిగలాడుతోంది. కొత్తలో అలాగే ఉంటుందిలే అన్నాను. అలవాటుగా మజ్జిగ గుడ్డ వేశాను. "హబ్బా, ఎన్నాళ్ళకి వేశావే" అని కళ్ళు మూసుకుంది. డాక్టరు గారికి చెప్దామనుకున్నాను. మర్నాడు చెప్దాంలే అనుకున్నాను. ఆ మర్నాడు రోహిణికార్తె మొదలైంది.

ఆ రోజు అంకె పద్దెనిమిది. నేను ప్రయోగశాలలో ఉండగా బావ ఫోన్ చేశాడు. ఆయన ఫోన్‌లో ఎప్పుడూ గట్టిగా మాట్లాడడు. ఆ రోజు "శేషూ, మీ అక్క కాలిపోతందే! నిప్పు లేదు, ఏం లేదు, కాలిపోతందే!" అని కేక.

పట్నం ఆసుపత్రిలో చూశాను. నేను చూసింది మీకెలా చెప్పను? ముఖం, మెడ, చేతులు ఉడికిపోయి ఉబ్బిపోయాయి. కాలింది లోపలనుంచి. పైన నా నీడపొర మాత్రం చెక్కుచెదరలేదు. గులాబి రంగులో ఆరోగ్యంగా, చెమట తాగుతూ బతికే ఉంది. కిందున్న మనిషే కాలిపోయింది. నర్సు పొర మీద మందు వేస్తుంటే మందు లోపలికి దిగడం లేదు.

"ఏంటి సార్ ఇది, ఏంటిది?" అని డాక్టర్ చిత్తరంజన్ గారి చొక్కా పట్టుకున్నాను. ఆయన పొర ముక్క ఒకటి గాజు పలక మీదికి తీసుకున్నాడు. ఇద్దరం ప్రయోగశాలకి పరిగెత్తాం.

పొర ముక్కని స్పిరిట్‌లో వేస్తే స్పిరిట్ పచ్చబడింది. "ఈ పసుపు రంగు మనది కాదే! ఏదో మందు వాడింది. ఏం మందు వాడేది మీ అక్క?" అన్నాడాయన. "ఏమీ వాడదు సార్, నేనే అడిగాను, కాగితంలో ఉంది" అంటున్నాను. అంటూనే ఆ రంగు చూశాను. గోడకి వేసే సున్నం డబ్బా మెట్ల కింద ఉంది. కాస్త నీళ్ళల్లో కలిపి తెచ్చి రెండు చుక్కలు గాజు గొట్టంలో వేశాను.

పచ్చటి నీళ్ళు ఎర్రగా తిరిగాయి. పారాణి.

ఏ తెలుగు పిల్లకైనా తెలుసు, పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని. అక్క పెళ్ళికి దాని పాదాలకి పెట్టే పారాణి కలిపింది నేనే, ఎనిమిదేళ్ళ పిల్లని. "పసుపు సార్, రోజూ మొహానికి పూసుకుంటారు" అని డాక్టరు గారికి గొట్టం చూపించాను. మిగతాది ఆయనే నెమ్మదిగా తేల్చాడు. మామూలు చర్మం మీద పసుపు నిలవదు, ఎండకి వెలిసిపోతుంది. పొర దాన్ని వెలిసిపోనివ్వకుండా తన కింద దాచింది, రోజు మీద రోజు, పూత మీద పూత. తను మింగిన ఎండంతా పట్టుకెళ్ళి ఆ పసుపుకి అప్పగించింది. పసుపు ఆ ఎండని ఒంట్లోకి వదిలింది. మొదటి వేసవి ఎవరికీ ఏమీ కాలేదంటే, ఆ పన్నెండు మందిలో పసుపు పూసుకునే హక్కు ఒక్కరికీ లేదు కనక.

ఇంకా ఇరవై మంది ముఖాల నిండా పసుపుతో ఊళ్ళో తిరుగుతున్నారు.

పొర గీకితే చర్మంతో సహా వస్తుంది. అది రాలిపోయేదాకా నీడలో కూర్చోవాలి, పసుపు ముట్టుకోకూడదు. అంతే మందు. ఊళ్ళోకి పోయి పంచాయతీ అరుగు దగ్గర ఆడవాళ్ళనందర్నీ పోగేసి చెప్పాను. వాళ్ళు ఒక్కసారిగా నామీదికి లేచారు.

"నా మొగుడు గుండ్రాయిలా ఉంటే నన్ను పసుపు మానమంటావా?"

"ఎండలోకి పోవద్దంటే పోను. బోసి మొహంతో ఎట్టా ఉండేదే?"

"పెళ్ళీ పెటాకులూ లేనిదానివి, నీకేం తెలుసే పసుపంటే!"

నిజమే, నాకేం తెలుసు? బతిమాలాను. అరిచాను. వాళ్ళు ఇళ్ళకి పోవడానికి లేచారు. అప్పుడొచ్చాడు బావ. ఆసుపత్రి నుంచి బస్సెక్కి అక్క చీర ఇంకోటి తీసుకుపోదామని వచ్చాడు. ఎప్పుడూ నలుగురిలో మాట్లాడని మనిషి, తువ్వాలు రెండు చేతులా నలుపుకుంటూ నిలబడ్డాడు.

"అమ్మా, నేను బాగుండాలని పూసుకుంది నాంచారు" అన్నాడు. "చూడండి, నేను బాగానే ఉన్నా. నాకేమీ కాలా." వెనక నిలబడ్డ మగవాళ్ళ వైపు తిరిగాడు. "మీ ఆడోళ్ళకి మీరే చెప్పుకోండిరా. రేపు నాలాగా చీర కోసం ఇంటికి రావద్దు."

ఆ రాత్రికి ఊళ్ళో పసుపుకొమ్ములన్నీ నా చేతికొచ్చాయి. ఇరవై ఇళ్ళవి. చెంగులో మూటకట్టి, పంచాయతీ గదిలో ఉన్న మా ప్రయోగశాల బీరువాలో పెట్టి తాళం వేశాను.

నాలుగో రోజు మీ విచారణ సంఘం నుంచి ఇద్దరొచ్చారు. అక్కకి ఒక కన్నూ నోరూ తప్ప ముఖమంతా కట్లే. వాళ్ళు రాకముందే నేను అక్కకి అంతా చెప్పేశాను. "నేను సరిగ్గా అడగలేదే అక్కా. నా నోటితోనే నిన్ను కాల్చాను" అని మంచం కోడు పట్టుకుని ఏడ్చాను. అది విని ఆలోచించింది. "అయితే నీ ఉద్యోగం తీసేస్తారా? జైల్లో వేస్తారా?" అని అడిగింది. వేస్తే వెయ్యనీ అన్నాను. "నోర్ముయ్" అంది.

వచ్చినాయన కుర్చీ లాక్కుని, "పసుపు సంగతి కాగితంలో ఎందుకు లేదమ్మా? మీ చెల్లెలు అడగలేదా?" అన్నాడు.

అక్క ఆ ఒక్క కంటితో నా వంక చూసింది.

"అడిగింది బాబూ" అంది. "'అక్కా, పసుపు పూసుకుంటావా' అని అడిగింది. ఒకటికి రెండుసార్లు అడిగింది. నేనే లేదన్నా. అవునంటే పొర వెయ్యరేమోనని దాచా. మా ఊళ్ళో ఆడోళ్ళందరం అనుకునే దాచాం."

ఎలా అడగాలో నాకు అప్పుడు తెలిసింది. మూడు మాటలు. అన్నేళ్ళు చదివిన నాకు తట్టని ప్రశ్న, చదువురాని మా అక్క నోటినుంచి తడుముకోకుండా వచ్చింది. నేను లేచి "కాదు సార్" అనాలి. నోరు తెరిచాను కూడా. అక్క కట్టు కట్టిన చెయ్యి కాస్త పైకి లేచింది, అంత నొప్పిలో. "నా మీద ఒట్టు శేషూ" అంది, నాకొక్కదానికే వినపడేంత మెల్లగా. "నీకు చదువు రావాలని దిగాను ఆ మళ్ళల్లోకి. అదంతా ఉప్పునీళ్ళ పాలు చెయ్యమాకు."

ఒట్టుకి కట్టుబడ్డాను. భయానికి కట్టుబడ్డాను అనడమే నిజం. వాళ్ళు దాన్ని టైపు కొట్టించి, బావ వేలిముద్ర తీసుకుని పోయారు.

ఆరో రోజు తెల్లారుతుండగా అక్క పోయింది. బావకంటే ముందే పోయింది, అన్న మాట ప్రకారం.

ఇంటికి తెచ్చేసరికి ఎండ అంకె పదిహేడు. పగలు ఎవరూ ఊరు దాటొద్దని ఉత్తర్వు. స్నానం చేయించి పసుపు పూయడానికి పొరుగూరి నుంచి పొర లేని ముత్తైదువల్ని పిలిపించడానికి లేదు, ఆ వేడిలో మనిషిని ఉంచడానికీ లేదు. వాకిట్లో తాటాకు పందిరి కింద అక్కని పడుకోబెట్టారు. కాసేపటికి ఒక్కొక్కరే వచ్చారు మా ఊరి ముత్తైదువలు. ఇరవై మందీ బోసి ముఖాలతో, గొడుగుల కింద, దుప్పట్లు కప్పుకుని వచ్చారు.

"బీరువా తాళం తియ్యవే. నాంచారమ్మని ఉత్తనీళ్ళతో పంపుతామా? ఈ ఒక్క పూటకేమీ కాదులే" అన్నారు.

నేను పందిరికి అడ్డంగా నిలబడ్డాను. చేతులకి అంటిన పసుపు ఎక్కడికీ పోదు. పొర కింద దాక్కుంటుంది, రేపో ఎల్లుండో తలుపు సందులోంచి పడ్డ ఎండకి లేస్తుంది. "వద్దు పిన్నీ, వద్దు వదినా, మీ కాళ్ళు పట్టుకుంటా" అన్నాను. రబ్బరు తొడుగులిస్తానన్నాను. "చెయ్యి తగలాలే, రబ్బరు కాదు" అని ఒకామె ఘొల్లుమంది. అక్క బతుకంతటికీ ఉన్న కోరిక అదొక్కటే. దానికి అడ్డం పడింది నేనే. ముందు దాని ప్రాణానికీ నేనే, తర్వాత దాని పసుపుకీ నేనే.

"నేను చేస్తాను" అన్నాను. నా ఒంటి మీద నీడపొర లేదు. డాక్టరు గారి బట్టతల సంగతి తెలిశాక, ప్రయోగం చేసేవాళ్ళు వేసుకోకూడదని పైనుంచి నియమం వచ్చింది.

"పెళ్ళికాని పిల్లవి, నువ్వెట్టా చేస్తావే? ఆనవాయితీ కాదు" అంది గడప దగ్గర కూర్చున్న ఆదెమ్మ పిన్ని, ఏడుస్తూనే.

బావ గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. తల ఎత్తలేదు. "చెయ్యనియ్యి పిన్నీ" అన్నాడు. "అది నాంచారు కూతురే కదా."

దుప్పట్లు కప్పుకుని అందరూ పక్కకి జరిగారు.

చూడండి, విచారణ సంఘం వారూ! తన మీద ఒట్టు పెట్టిన మనిషి ఇప్పుడు లేదు. ఆ ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్నాను. మా అక్క ఏమీ దాచలేదు. మా ఊళ్ళో ఏ ఆడదీ ఏమీ దాచలేదు. ముఖాన పెట్టుకుని నా ఎదురుగా కూర్చుంటే దాచడం ఎట్టా అవుతుంది? నేను అడగలేదు. మీ ఫైల్లోంచి ఆ వేలిముద్ర కాగితం తీసేసి ఇది పెట్టండి. నన్నేం చేస్తారో మీ ఇష్టం.

నీళ్ళ తొట్టి దగ్గర గరుకురాయి అలాగే పచ్చగా ఉంది. బీరువాలోంచి తెచ్చిన కొమ్ము దాని మీద అరగదీశాను. అక్క ఎంత తీసేదో అంతే తీశాను, గిన్నెడు. ముఖం కట్ల కింద ఉంది, చేతులు కట్ల కింద ఉన్నాయి. పాదాలు మాత్రం అలాగే ఉన్నాయి. రోజంతా మడి నీళ్ళల్లో ఉండేవి కాబట్టి వాటికి పొర వెయ్యలేదు, పసుపూ నిలవలేదు, వాటికేమీ కాలేదు. మడమల నిండా ఉప్పు కోసిన పగుళ్ళు. చల్లటి నీళ్ళు పోసి తుడిచాను. చిన్నప్పుడు మెడ తుడిచినట్టే, నొప్పెట్టకుండా నెమ్మదిగా తుడిచాను.

చేతినిండా పసుపు తీసుకుని దాని చెవి దగ్గరికి వంగాను.

"అక్కా, పసుపు పూసుకుంటావా?" అని అడిగాను.

ఒకటికి రెండుసార్లు అడిగాను. అప్పుడు పాదాలకి పూశాను.